బిడ్డ వంతెంత? – ధాత కరువు నేర్పిన లెక్క

కరువుసీమలో పుట్టి పెరిగినవారికి అన్నమును కొలుచుట క్రొత్త గాదు. గాదెలో గింజలు తగ్గినప్పుడు ఇల్లాలు తవ్వను విడిచి సోలతో కొలుచును. అదియును తగ్గినప్పుడు పిడికిలితో కొలుచును. ఆ కొలతలో ఇంటి పెద్దకు ఇంత, పనికి పోవువానికి ఇంత, పిల్లలకు ఇంత అని వంతులు ఏర్పడును. పిల్లవాడు చిన్నవాడు గదా, వానికి సగము చాలునని మనమందరము అనుకొన్నవారమే. ఆ సగము నిజముగా చాలునా? ఏ పనియు చేయక, చాపమీద కదలక పరుండిన బిడ్డ దేహమునకైనను దినమునకు ఎంత ఆహారము కావలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన వారి చరిత్రను నేడు మీకు విన్నవించుచున్నాను. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టము సుమారు నూట ఏబది సంవత్సరముల క్రిందట మన కడప కర్నూలు సీమలలోనే జరిగినది.

1876వ సంవత్సరము మన పంచాంగములో ధాత. ఆ యేడు ముంగారు వాన తప్పినది. వెనుకటి ఈశాన్యపు వానయు తప్పినది. మరుసటి ఈశ్వర సంవత్సరమున, అనగా 1877లో, ముంగారు మరల మొగము చాటువేసెను. చెన్నపురి రాజధానిలో కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు మిక్కిలి నష్టపడినవానిలో చేరినవి. అనంతపురము అప్పటికింకను బళ్లారి జిల్లాలోనిదే; 1882లో గాని వేరు కాలేదు. కడప మీదుగా రైలు నడచుచుండెను. రైలు తెచ్చిన గింజలు అంగళ్లలో నుండెను గాని వానిని కొనుటకు కూలివాని చేతిలో పైకము లేకుండెను. మన మైదుకూరు ప్రాంతమున పారు కర్నూలు కడప కాలువ అప్పటికే త్రవ్వబడి యున్నను, దాని నీరు చేరని మెట్టపొలములే అధికము.

ఆ కరువు ఎంతటిదో చెప్పుటకు రెండు జనాభా లెక్కలను ప్రక్కప్రక్కన నుంచిన చాలును. 1871లో కర్నూలు జిల్లాలో తొమ్మిది లక్షలకు మించి జనులుండిరి. 1881లో ఏడు లక్షలకు లోపయిరి. అనగా నలుగురిలో ఒకరు కానరాలేదు. కడప జిల్లాలో పదమూడున్నర లక్షలు పదకొండు లక్షల చిల్లరకు దిగినవి. వీరిలో కొందరు వలస పోయిరి. అనేకులు ఆకలిచేతను, ఆకలిని వెంటాడి వచ్చిన విషూచి, జ్వరములచేతను పోయిరి. ధాత కరువు అను పేరు మన ముసలివారి నోట నేటికిని వినబడుచున్నది.

అన్నదానమునకు మన సీమ పేరు పడినదే. అంతకు పదేండ్లముందు, 1866 నాటి కరువులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు తన యింటికి వచ్చినవారికెల్ల గంజి పోయించి వేలమంది ప్రాణములు నిలిపిరి. కాని ధాత కరువు ఒక దాత చేతికి అందునది కాదు. ప్రభుత్వము కరువు పనులను తెరిచెను. చెరువుల పూడిక తీయుట, బాటలకు కంకర కొట్టుట, కాలువలు త్రవ్వుట మొదలగు పనులకు జనులు లక్షలకొలది చేరిరి. చెన్నపురి గవర్నరు బకింగుహాము ప్రభువు పేర నేటికిని సముద్రతీరమున నున్న కాలువలో ఒక భాగము ఆనాటి కరువు కూలీల చేతి పనియే.

ఇంతమందికి ఎంత కూలి యీయవలెను? ఇక్కడనే అసలు తగవు పుట్టినది. 1877 జనవరిలో రాజప్రతినిధి లిట్టను ప్రభువు సర్ రిచర్డు టెంపులు అను అధికారిని కరువు పరిశీలకునిగా చెన్నపురికి పంపెను. ఈయన కఠినాత్ముడని తేలికగా ననరాదు. 1873–74లో బీహారున కరువు వచ్చినప్పుడు విరివిగా బియ్యము తెప్పించి జనులను కాపాడినవాడు ఈయనయే. అయితే అప్పుడు ధనమును నీళ్లవలె పోసెనని పైవారు నిందించిరి. ఆ నింద ఆయన మనస్సున నాటుకొని యుండెనేమో, మన సీమలకు వచ్చునప్పటికి పొదుపే ఆయన మంత్రమయ్యెను. దినమంతయు పనిచేయు మగవానికి ఒక పౌను గింజల వెలయు, దానిపై కొద్ది పైకమును చాలునని ఆయన నిర్ణయించెను. ఆడువారికిని, పనిచేయు పిల్లలకును అంతకు తక్కువ. ఒక పౌననగా సుమారు 450 గ్రాములు. మన పాత తూకమున నలువది తులములకు రవంత లోపు.

దీనిని ఎదిరించినవాడు ఒక వైద్యుడు. ఆయన పేరు విలియం రాబర్టు కార్నిషు. చెన్నపురి రాజధానికి ఆరోగ్యశాఖ కమిషనరు. 1871 జనాభా లెక్కల నివేదికను వ్రాసినవాడును ఈయనయే. అంతకు ముందు 1863లోనే ఈ రాజధాని జనులు ఏమి తినుచున్నారు, చెరసాలలలోని ఖైదీలకు ఏమి పెట్టుచున్నారు అను విషయముపై నివేదికను ప్రకటించి యుండెను. కావున ఏ జిల్లాలో జొన్న తిందురో, ఎక్కడ కొర్ర తిందురో ఆయన యెరుగును. పనిచేయువానికి ఒకటిన్నర పౌను గింజలైనను, వానికి తోడు పప్పును కూరాకును ఉండవలెనని ఆయన వాదించెను. ఈ ఉత్తర ప్రత్యుత్తరములను విలియం డిగ్బీ అను పత్రికా సంపాదకుడు 1878లో తన కరువు చరిత్ర గ్రంథమున విపులముగా చేర్చెను. కొన్ని నెలలకు చెన్నపురి ప్రభుత్వము ఇరువురి మాటకు నడుమ నిలిచి, కూలిని ఒకటింబావు పౌను గింజలకును కొంత పప్పునకును పెంచెను. కాని అప్పటికే అనేకులు బక్కచిక్కి యుండిరి.

శ్రోతలారా, ఈ తగవునందు గమనింపవలసిన మర్మమొకటి కలదు. ఒక పౌను చాలునని టెంపులు దొర యనుటకును, చాలదని కార్నిషు వైద్యుడనుటకును వెనుకనున్న ప్రశ్న ఒక్కటియే. మనిషి దేహము ఊరక యున్నప్పుడు ఎంత ఖర్చు చేయును? ఆ మూలధనము తెలిసినగాని, పనికి అదనముగా ఎంత కావలెనో తెలియదు. దున్నని దినమున కూడ ఎద్దులకు మేత వేయవలెను గదా! ఆ మేత వేరు. దున్నుటకు వేయు దాణా వేరు. ఊరకయున్న దేహపు మేతను శాస్త్రజ్ఞులు విశ్రాంతి వ్యయమని పిలుతురు. గుండె కొట్టుకొనుట, ఊపిరి ఆడుట, మెదడు మేల్కొని యుండుట, ఒంటి వెచ్చదనము నిలుచుట – ఇవి నిద్రలోనైనను ఆగవు. వీని ఖర్చే అది.

దేహములో జఠరాగ్ని కలదని మన ప్రాచీన వైద్యులు చెప్పిరి. గీతలోను భగవానుడు తాను వైశ్వానరాగ్నియై ప్రాణుల దేహములయందు అన్నమును పచనము చేయుచున్నానని చెప్పియున్నాడు. ఆ అగ్నిని కొలుచు పని ఫ్రాంసు దేశమున మొదలయ్యెను. 1782–83 చలికాలమున లవోయిసి, లాప్లాసు అను ఇద్దరు పండితులు ఒక గినీపందిని మంచుగడ్డలు నింపిన పాత్రలో నుంచిరి. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరగెనో తూచిరి. అదే కాలమున అది విడిచిన ఊపిరిని పరీక్షించి, బొగ్గు మండునప్పుడు వెలువడు వాయువుతో పోల్చిరి. రెండు లెక్కలు దాదాపు సరిపోయెను. ఊపిరి యనగా మంట లేక మండు అగ్నియని ఆనాడు తేలినది. ఆ అగ్నిని కొలుచుటకు ఏర్పడిన కొలమానమే కేలరీ. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఎంత వేడిమి కావలెనో అది ఆహార విషయమున ఒక కేలరీ. 60 కిలోల యువకుడు ఇరువదినాలుగు గంటలు కదలక పరుండినను సుమారు 1600 కేలరీలు ఖర్చగును. ఆ వేడిమితో ఇరువదిమూడు లీటర్ల చన్నీటిని తెర్లకాచవచ్చును!

ఇప్పుడు టెంపులు దొర పౌనును తూచి చూతము. కొర్ర, జొన్న, సజ్జ, బియ్యము వీనిలో ఏదైనను నూరు గ్రాములకు ఇంచుమించు 330 నుండి 360 కేలరీలనిచ్చును. ఆ లెక్కను ఒక పౌను గింజలు సుమారు 1550 కేలరీలు. కరువున చిక్కిన 50 కిలోల మనిషికి పరుండియున్నను 1400 ప్రాంతమున కావలెను. మిగిలినది నూటయేబది. దానితో వాడు ఎండలో దినమంతయు గడ్డపార వేయవలెను! పైన ఇచ్చిన కొద్ది పైకము కరువు ధరలలో ఉప్పునకు, చింతపండునకు, కట్టెలకు చాలునో చాలదో. బరువైన పని చేయువానికి విశ్రాంతి వ్యయమునకు రెట్టింపు కావలెనని నేటి లెక్క. అనగా ఒక పౌను కూలి మనిషిని పరుండబెట్టుటకు సరిపోవునే గాని పనిచేయించుటకు సరిపోదు. కార్నిషుగారి చేతిలో ఈనాటి యంత్రములు లేవు. ఐనను ఆయన అంచనాయే సత్యమునకు దగ్గర.

ఈ సత్యము మరియొకసారి, మరియొక దేశమున ఋజువైనది. 1944–45లో అమెరికాలోని మిన్నిసోటా విశ్వవిద్యాలయమున ఆంసెలు కీసు అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులగు యువకులకు, వారి సమ్మతితోనే, ఆరు నెలలు అర్ధాహారమిచ్చి చూచెను. దినమునకు సుమారు 1570 కేలరీలు; టెంపులు పౌనుకు ఇంచుమించు సమానము. వారి బరువు నాలుగింట ఒకవంతు తగ్గెను. ఊరకయున్నప్పటి ఖర్చు నూటికి నలువది పాళ్లవరకు పడిపోయెను. చలి యెక్కువయ్యెను, నడక మందగించెను, మాట తగ్గెను, ఆహారము తప్ప వేరు చింత లేకుండెను. దేహము తన పొయ్యిలో కట్టెలను తానే లాగివేసికొనెనన్న మాట. కావున ఆకలిగొన్నవాడు మెదలక కూర్చుండుట సోమరితనమని తలచుట ఎంతటి పొరపాటో గ్రహింపుడు.

ఇంతవరకు పెద్దవారి మాట. ఇక బిడ్డ వంతు చూతము.

కరువు పోయిన పిమ్మట సర్ రిచర్డు స్ట్రాచీ అధ్యక్షతన ఏర్పడిన కరువు కమిషను 1880లో నివేదిక నిచ్చెను. దానిపై కరువు నిబంధనావళులు పుట్టినవి. పనికి, వయస్సునకు తగినట్లు కూలిని నిర్ణయించుట, పనిచేయలేనివారికి ఉచితాన్నము పెట్టుట అందు నియమములైనవి. పెద్దవానికి ఇంత యని నిర్ణయించి, పిల్లలకు అందులో వంతు వేయుట ఆనాటి పద్ధతి. ఇది సర్కారువారి పద్ధతియే కాదు, మన యిండ్లలోని పద్ధతియును. మా తల్లిగారు చిన్ననాట, 1952 కరువున, గంజి కేంద్రముముందు వరుసలో నిలిచిన కథను చెప్పెడివారు. పెద్దలకు గరిటెడు, పిల్లలకు అర గరిటెడు. ఇంటికి వచ్చి అవ్వగారు తన గరిటెడులో సగము బిడ్డల ముంతలలో వంచెడివారట. ఏ శాస్త్రమును చదువని అవ్వగారి లెక్కయే సరియైన లెక్కయని నేను చాలకాలము తరువాత తెలిసికొంటిని.

ఎట్లన, బిడ్డ సగము మనిషి కాదు. 1883లో జర్మనీ దేశమున మాక్సు రుబ్నరు అను పండితుడు పెద్ద కుక్కలను, చిన్న కుక్కలను పరీక్షించి, ఒక్కొక్క కిలో బరువునకు చిన్న కుక్కయే యెక్కువ వేడిమిని ఖర్చు చేయుచున్నదని కనుగొనెను. కుండెడు సంగటి చాలసేపు వేడిగా నుండును; ముద్దెడు సంగటి ఇట్టే చల్లారును. చిన్న దేహమునకు బరువుకన్న చర్మము పాలు హెచ్చు. వేడిమి త్వరగా పోవును. పోయిన వేడిమిని నింపుటకు లోని అగ్ని హెచ్చుగా మండవలెను. తరువాత అమెరికాలో బెనెడిక్టు, టాల్బటు అను ఇద్దరు పుట్టిన దినమునుండి యౌవనారంభము వరకు బిడ్డల ఊపిరిని కొలిచి 1921లో ఒక గ్రంథము ప్రకటించిరి. పసివారిని కొలుచుట సులభమని తలపకుడు. కడుపు ఖాళీగా నుండవలెను, ఏడువరాదు, కదలరాదు, జ్వరముండరాదు, గది చల్లగాను వేడిగాను నుండరాదు. బిడ్డను అట్లుంచుట ఏ తల్లికి సాధ్యము? అందుకనియే ప్రతి బిడ్డను యంత్రముతో కొలువక, కొలిచిన కొందరినుండి ఒక సూత్రమును గట్టి మిగిలినవారికి అంచనా వేయుట వాడుకయైనది.

అట్టి సూత్రములలో ప్రసిద్ధమైనవి 1985లో ఐక్యరాజ్యసమితి సంస్థలు ప్రకటించినవి. వీనిని గట్టినవాడు షోఫీల్డు. మూడేండ్లు మొదలు పదేండ్లలోపు బాలుని బరువును కిలోలలో 22.7తో హెచ్చవేసి 495 కలుపవలెను. బాలికకు 22.5తో హెచ్చవేసి 499 కలుపవలెను. పది మొదలు పదునెనిమిదేండ్లవరకు బాలునికి 17.5తో హెచ్చవేసి 651, బాలికకు 12.2తో హెచ్చవేసి 746 కలుపవలెను. వచ్చినది పరుండియున్నప్పటి దినపు కేలరీలు. వ్రాతబల్లమీద ఎవరైనను వేయదగిన లెక్కయే.

20 కిలోల ఆరేండ్ల బాలుని తీసికొందము. సూత్రము ప్రకారము వానికి సుమారు 950. ముందు చెప్పిన 60 కిలోల యువకునకు 1600. బరువున వాడు మూడింట ఒకవంతు. అగ్నియందు అయిదింట మూడు వంతులు. పది కిలోల యేడాది బిడ్డకు సుమారు 550. అనగా కిలోకు 55. యువకునకు కిలోకు 27 మాత్రమే. తూకము వేసి చూచినచో చంటిబిడ్డ అగ్ని పెద్దవాని అగ్నికి రెట్టింపు! ఇప్పుడు అర పౌను గింజల మాట చూడుడు. అది సుమారు 775 కేలరీలు. ఆరేండ్ల బాలుడు కదలక పరుండుటకైనను అది చాలదు. వాడు ఆడుటకు, పెరుగుటకు, బడికి నడచుటకు ఎక్కడనుండి వచ్చును?

ఈ అగ్ని యంతయు చర్మముచేత పోవు వేడిమికే కాదు. బిడ్డ మెదడు పెద్దవాని మెదడునకు దాదాపు సమానముగా త్వరలోనే పెరుగును, కాని దేహము చిన్నది. పెద్దవాడు ఊరకయున్నప్పుడు ఖర్చగు శక్తిలో మెదడునకు పోవునది అయిదింట ఒకవంతు. అయిదేండ్ల బిడ్డలో సగమునకు మించి మెదడునకే పోవునని 2014లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. 2021లో 29 దేశములలోని ఆరువేలకు మించిన జనులపై జరిగిన మరియొక పరిశోధన ప్రకారము, దేహపరిమాణమును సరిచూచిన పిమ్మట, ఏడాది బిడ్డ దినమునకు ఖర్చు చేయు శక్తి పెద్దవానికంటె నూటికి ఏబది పాళ్లు హెచ్చు. అది క్రమముగా తగ్గి ఇరువదియేండ్లకు నిలుకడకు వచ్చును. అరువది దాటినగాని మరల తగ్గదు. అరువది దాటిన మనబోటివారు ఈ చివరి మాటను కూడ మనస్సున నుంచుకొనవలెను. మన పొయ్యి తగ్గు వయస్సున మనుమల పొయ్యి హెచ్చుగా మండుచుండును.

ఇక కౌమారము. మన యిండ్లలో పొరపాటు ఎక్కువగా జరుగునది ఇక్కడనే. 40 కిలోల పదునాలుగేండ్ల బాలిక విశ్రాంతి వ్యయము సూత్రము ప్రకారము 1234 కేలరీలు. 50 కిలోల ఆమె తల్లి, ముప్పదిలోపు వయస్సుదైనచో, 1231. పది కిలోలు తక్కువ తూగు కూతురు పరుండియే తల్లితో సమానముగా ఖర్చు చేయుచున్నది. నడక, నీళ్లు మోయుట, చదువు, ఎదుగుదల ఇంకను వేరు. 2020లో మన దేశపు వైద్య పరిశోధనా మండలి నిర్ణయించిన లెక్కలో కూర్చుండి పనిచేయు స్త్రీకి దినమునకు 1660 కేలరీలైతే, పదమూడు మొదలు పదునైదేండ్ల బాలికకు 2400. అట్టి పిల్లను అందరి పిమ్మట, అడుగున మిగిలినదానితో, సరిపెట్టుకొమ్మనుట మనకు అలవాటు. ఆ అలవాటు మర్యాదయని పేరు పొందినది గాని, అది లెక్కకు నిలుచునది కాదు.

ఈ సూత్రములు వేదవాక్యములా? కావు. షోఫీల్డు చేర్చిన ఏడువేల చిల్లర కొలతలలో దాదాపు సగము ఇటలీవాసులవి. ఉష్ణదేశముల జనులకు ఆ లెక్క కొంత హెచ్చుగా వచ్చుచున్నదని పిమ్మట తేలినది. అందుచేత మన దేశపు పండితులు పెద్దవారి విషయమున నూటికి సుమారు అయిదు పాళ్లు తగ్గించి వాడిరి. జ్వరము వచ్చినచో ఒక్కొక్క డిగ్రీకి వ్యయము నూటికి పది పాళ్లు, అంతకు కొంచెము పైగా పెరుగును. ఆకలిచే శుష్కించిన బిడ్డలో తగ్గును. కావున సూత్రము త్రాసు కాదు, అంచనా మాత్రమే. ఐనను అంచనా లేకున్నచో ఏమగునో ధాత కరువున చూచితిమి గదా.

మన దేశమున ఈ విద్యకు బీజము పడినది నీలగిరులలోని కూనూరున. 1918లో మెకారిసను అను వైద్యుడు అక్కడ చిన్న పరిశోధనశాల నారంభించెను. ఆయన పిమ్మట ఆక్రాయిడు అధ్యక్షుడై, మన దేశపు ఆహారపదార్థముల సారమును తెలుపు పట్టికలను 1937లో ప్రకటించెను. ఏ గింజలో ఎన్ని కేలరీలో తెలుగువాడు చెప్పగలుగుట ఆ పట్టికల ఫలమే. ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయని పేరు పొందెను.

ఆ సంస్థలో డాక్టరు గోపాలన్ గారును వారి తోడివారును చేసిన ఒక పని మన విషయమునకు మిక్కిలి దగ్గరది. బిడ్డలు చిక్కిపోవుటకు మాంసకృత్తుల కొరతయే కారణమని ఆ కాలమున లోకమంతయు నమ్ముచుండెను. వీరు హైదరాబాదు సమీపమునగల గ్రామములలో అయిదేండ్ల లోపు బిడ్డలకు దినమునకు 310 కేలరీలు, 3 గ్రాముల మాంసకృత్తులు మాత్రమే యిచ్చు చిరుతిండిని పదునాలుగు నెలలు పెట్టిరి. గోధుమపిండి, చక్కెర, నూనె దానిలోని వస్తువులు. 1973లో ప్రకటించిన ఫలిత మేమనగా, ఆ బిడ్డలు తినని బిడ్డలకంటె ఎత్తునను బరువునను స్పష్టముగా హెచ్చుగా పెరిగిరి. మన బిడ్డల మొదటి కొరత విలువైన డబ్బాపాలు కాదు, కడుపునిండు అన్నమే యని దానివలన తెలిసినది. పొయ్యికి కట్టెలు చాలనప్పుడు దేహము ఇంటి దూలములనే పొయ్యిలో పెట్టును. తిన్న మాంసకృత్తు కండగా మారక మంటలో పోవును. కట్టెలు చాలినంత వేసినగాని దూలము దూలముగా నిలువదు.

1975లో అంగన్వాడీలు మొదలైనవి. వానిలో చిన్న బిడ్డకు దినమునకు కొంత ఆహారము పెట్టుట నియమము. 2001లో సర్వోన్నత న్యాయస్థానము బడులలో వండిన భోజనము పెట్టవలెనని ఆదేశించెను. ప్రాథమిక పాఠశాలలో 450, ఆపై తరగతులలో 700 కేలరీలు నియమమైనవి. మన రాష్ట్రమున 2024లో ఆ భోజనమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. గోదావరి లంకలలో ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిన ఆ తల్లి పేరు తగినదే. మధ్యాహ్న భోజనము రాక పూర్వము నేను బడిలో పాఠము చెప్పిన దినములు నాకు జ్ఞాపకమున్నవి. పదకొండు గంటలకు వెనుక బల్లలమీద తలలు వ్రాలుచుండెను. శ్రద్ధ లేదని మందలించితిని, ఒకరిద్దరిని నిలువబెట్టితిని. ఉదయము ఏమి తిని వచ్చితివని అడుగలేదు. పౌను చాలునన్న దొరను తప్పుపట్టుటకు ముందు ఆ దినములు నాకు గుర్తుకు వచ్చుచుండును.

బడిలో పెట్టు 450 కేలరీలు ఆరేండ్ల బాలుని విశ్రాంతి వ్యయములో సగమునకు లోపే. వాని దినపు అవసరము విశ్రాంతి వ్యయమునకు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు, అనగా 1400 ప్రాంతము. మిగిలిన వేయి కేలరీలు ఇంటనే రావలెను. బడిభోజనము ఉన్నది గదా యని ఇంట పొద్దుటి సంగటిని మానుట, ఒక చేత పెట్టి మరియొక చేత తీసికొనుటయే. మరియొక వైపు కూడ చూడవలెను. నేడు మన ఊళ్లలోనే కొందరు బిడ్డలు కదలక కూర్చుండి, అంగడి తిండి తిని, బరువెక్కుచున్నారు. వారి విషయమునను ఇదే లెక్క పనికివచ్చును. అగ్ని ఎంతయో తెలిసినచో కట్టెలు తక్కువయో, ఎక్కువయో తెలియును.

పెద్దలారా, అంగన్వాడీలో తూకపు యంత్రము కలదు. నెలనెల బిడ్డల బరువును అక్కడ వ్రాయుదురు. మీ మనుమని బరువెంతయో ఒకసారి అడుగుడు. ముందటి సూత్రముతో లెక్క వేయుడు. రెండు నెలలు వరుసగా బరువు పెరుగకున్నచో, బిడ్డ మునుపటివలె ఆడక మూల కూర్చుండుచున్నచో, బుద్ధిమంతుడైనాడని మురియక వైద్యుని కడకు తీసికొనిపొండు. మిక్కిలి శుష్కించిన బిడ్డకు ఒక్కసారిగా అధికముగా తినిపించుటయు అపాయమే. కొద్దికొద్దిగా, వైద్యుని చూపున పెంచవలెను.

కార్నిషు వైద్యుడు జనులను లెక్కించినవాడు. పదేండ్లకు ఆ లెక్కలో తగ్గినవారిని చూచినవాడు. మన సీమలో వాన ఎప్పుడు తప్పునో చెప్పలేము. అయినను నేటి రాత్రి మన యిండ్లలో కంచములు పెట్టునప్పుడు, బిడ్డ వంతును వాని పొడవును చూచి వేయక, వాని అగ్నిని చూచి వేయుట మన చేతిలోని పని. ఆడపిల్లకు మొదట వడ్డించుటయు మన చేతిలోని పనియే.